బొద్దుగా, ఇరుకుగా: గంజాం బోర్డుల మీద తెలుగు అక్షరం

దూరం నుంచి చూసినా కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడవలసిన మాటల కోసం, అంటే దుకాణం పేరు, గోడపత్రిక, పత్రికలో పతాక శీర్షిక వంటి వాటి కోసం, ప్రపంచమంతటా వాడుకలో ఉన్న అక్షర జాతి ఒకటి ఉంది. అచ్చు పరిభాషలో దాన్ని బోల్డ్ కండెన్స్‌డ్ సాన్స్ సెరిఫ్ అంటారు. గీత లావెక్కితే బోల్డ్, అక్షరం వెడల్పు తగ్గి నిలువుగా సాగితే కండెన్స్‌డ్, గీతల కొసలకు అలంకారంగా ఉండే అడ్డు ముక్కలు లేకపోతే సాన్స్ సెరిఫ్. పుటల కొద్దీ చదివించడానికి కాక, నాలుగు మాటలను చూపించడానికి మాత్రమే పుట్టినది కాబట్టి ఇలాంటి ఖతిని, అనగా ఒకే ఒరవడిలో గీసిన అక్షరాల సముదాయాన్ని, డిస్‌ప్లే ఖతి అని వేరుగా లెక్కిస్తారు. రోమన్ లిపిలో రెండు శతాబ్దాలుగా స్థిరపడిన ఈ జాతి తెలుగులో ఎంతవరకు సాధ్యం, సాధ్యమైనా ఎంతవరకు అవసరం అన్న ప్రశ్నను తెలుగు ఒక్కటే రాజ్యమేలే ఊళ్లలో కంటే, మూడు లిపులు ఒకే బోర్డు మీద చోటు పంచుకోవలసి వచ్చే ఊళ్లలో పరిశీలించడం మేలు. ఒడిశాలోని గంజాం జిల్లా అటువంటి ప్రదేశం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం మద్రాసు రాజధానిలో భాగం. భారత రాష్ట్రపతి పదవిని అధిష్టించిన వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో పుట్టిన తెలుగువాడు. సరిహద్దు గీత మారినా జనం మారలేదు కనుక బరంపురంలోను, చుట్టుపక్కల కొడల వంటి చిన్న పట్టణాలలోను తెలుగు, ఒడియా పక్కపక్కనే బతుకుతూ వచ్చాయి. పాలనా భాష మాత్రం 1954 నాటి అధికార భాషా చట్టంతో ఒడియా అయింది, ఆ తరువాత వాణిజ్య సంస్థల నామఫలకాలపై ఒడియాను తప్పనిసరి చేసే సవరణలూ వచ్చాయి. బయటి ఊళ్ల కొనుగోలుదారుల కోసం ఆంగ్లం ఎలాగూ ఉంటుంది. ఈ రెండింటికీ చోటిచ్చాక, తెలుగు ఖాతాదారుల కోసం మూడో పంక్తి చేర్చదలచిన పట్టుచీరల వర్తకుడికో మందుల దుకాణదారుకో మిగిలేది ఒక సన్నని పట్టీ. చోటు ఇరుకు కాబట్టి ఇరుకు అక్షరం కావాలనిపించడం సహజం. అయితే ఆ ఇరుకు వెడల్పులోనా, ఎత్తులోనా అన్నది మొదట తేల్చుకోవలసిన సంగతి, ఈ సమీక్షకు మూలసూత్రమూ అదే.

రోమన్ లిపిలో ఈ అక్షర జాతి చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. కొసల అడ్డుముక్కలు లేని అచ్చక్షరం మొట్టమొదట కనబడినది 1816లో, లండన్‌లో నాలుగవ విలియం కాస్లాన్ ప్రకటించిన నమూనాలో. అదీ పెద్దక్షరాలకు మాత్రమే పరిమితం. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ కొయ్యలో అక్షరాలు తొలిచే యంత్రాన్ని సిద్ధం చేయడంతో సీసంలో పోయలేని భారీ పరిమాణాలు చవకగా దొరికి, సర్కసు ప్రకటనలకు, వేలంపాటల కరపత్రాలకు అక్షరాలను పొడవుగా సాగదీసి కాగితం అంచు నుంచి అంచు వరకు నింపే అలవాటు స్థిరపడింది. అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1903లో గీసిన ఆల్టర్నేట్ గాథిక్, స్విట్జర్లాండ్‌లో వాల్టర్ హెటెన్‌ష్వైలర్ 1954లో గీసిన ష్మాల్‌ఫెట్ గ్రొటెస్క్, బ్రిటన్‌లో 1963 నాటి కంపాక్టా, 1965లో షెఫీల్డ్‌లోని స్టీఫెన్‌సన్ బ్లేక్ సంస్థ కోసం జెఫ్రీ లీ గీసిన ఇంపాక్ట్ ఈ వంశానికి చెందినవే. కంప్యూటర్ యుగంలో బేబస్ నోయా, ఆస్వాల్డ్ ఆ వరుసను కొనసాగించాయి. ఇవాళ బరంపురంలో ఏ ఫ్లెక్సీ దుకాణంలోనైనా ఆంగ్లపు పంక్తికి ఇంపాక్టో దాని దాయాదో సులభంగా దొరుకుతుంది, ఎందుకంటే ఇంపాక్ట్ ఏళ్ల తరబడి విండోస్ కంప్యూటర్లతో పాటే వస్తున్నది.

ఇన్ని రూపాలు పుట్టడానికి కారణం కళాకారుల ప్రతిభ ఒక్కటే కాదు, ఆ లిపి నిర్మాణం కూడా. రోమన్ పెద్దక్షరాలలో అధికభాగం నిలువు గీతల మీద నిలబడతాయి. ఎన్, హెచ్, ఐ, ఎల్, టి, ఎమ్, ఇ వంటి అక్షరాలలో గుర్తింపునకు ఆధారం నిలువు గీతలు, వాటిని కలిపే అడ్డ గీతలు లేదా ఏటవాలు గీతలు మాత్రమే. వెడల్పు తగ్గించినప్పుడు నిలువు గీతలు దగ్గరవుతాయే తప్ప అక్షరం మరో అక్షరంలా మారదు. ఓ, సి, డి వంటి గుండ్రని అక్షరాలను సైతం గుళిక ఆకారంలోకి తెస్తే పక్కగోడలు నిటారుగా నిలిచి మిగతా వాటితో కలిసిపోతాయి. పైగా పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు, పైకి గాని కిందికి గాని పొడుచుకొచ్చేది దాదాపు ఏమీ లేదు. కాబట్టి బోర్డు ఎత్తు ఎంత ఉంటే అక్షరం అంత ఎదుగుతుంది. దేవనాగరిలోనూ అధికభాగం అక్షరాలకు కుడివైపు నిలువు గీత, అన్నిటికీ పైన శిరోరేఖ ఉండడం వల్ల ఇండియన్ టైప్ ఫౌండ్రీ రూపొందించిన తేకో, ఖండ్ వంటి ఇరుకు శీర్షిక ఖతులు ఆ లిపికి బాగానే నప్పాయి. హిందీ బోర్డులకు సాధ్యమైనది తెలుగుకెందుకు కాదని అడిగేవారు ముందుగా ఈ నిలువు గీతల లెక్క చూడాలి.

తెలుగు అక్షరంలో నిలువు గీత అరుదు. లిపికి ప్రాణం వంపు. తాటాకు మీద గంటంతో గీసేటప్పుడు ఈనె వెంబడి తిన్నని గీత గీస్తే ఆకు చీలుతుందని, అందువల్లే దక్షిణాది లిపులు, ఒడియా గుండ్రబడ్డాయని సాధారణంగా చెబుతారు. కారణం ఏదైనా ఫలితం ఒకటే: అక్షరాన్ని గుర్తుపట్టే ఆనవాలు వంపు ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగిందన్న దానిలో ఉంది, ఆ తిరుగుడుకు వెడల్పు కావాలి. ఇరుకు చేసిన కొద్దీ వంపులన్నీ ఒకే రకమైన నిలువు గుళికలుగా మారి, అక్షరాల మధ్య తేడా చిన్న చిన్న గుర్తుల మీదికి జారుతుంది. వ లో తలకట్టు అక్షరానికి అతుక్కుని ఉంటుంది, ప లో విడిగా ఉంటుంది; రెంటి మధ్య తేడా అంత సన్నని సందు. గీత లావెక్కితే ముందు పూడిపోయేది ఆ సందే. ద కు మధ్యలో చుక్క చేరితే థ, అడుగున చిన్న గీత చేరితే ధ. ర కూ ఠ కూ తేడా తెలిపే ప్రధానమైన గుర్తు లోపలి చుక్క. వ కు కొమ్మును మిగతా అక్షరాలకు చేర్చినట్టే పక్కన పైకి చేరిస్తే అది మ లా కనబడుతుంది కనుక, వు లోను పు లోను కొమ్మును కిందికి దించి రాసే ఆచారం ఏర్పడింది. అంటే గందరగోళం తప్పించడానికి మన పూర్వులే వెడల్పును కాస్త వదులుకుని ఎత్తును వాడుకున్నారు. బొద్దుతనం, ఇరుకుతనం రెండూ కలిసినప్పుడు అక్షరం లోపలి ఖాళీ, గీతకూ గీతకూ మధ్య సందు రెండు వైపుల నుంచీ తరుగుతాయి. రోమన్ ఎన్ లో రెండే నిలువు గీతలుంటే మన ఘ, ఝ, య లలో పక్కపక్కన మూడు నాలుగు వంపులు సర్దుకోవలసి వస్తుంది. వీటి వెడల్పు తగ్గనీయక, మిగతా అక్షరాలను మాత్రం ఇరికిస్తే పంక్తి ఎగుడుదిగుడుగా, కొన్నిచోట్ల నల్లగా కొన్నిచోట్ల తెల్లగా కనబడుతుంది.

ఇక సాన్స్ సెరిఫ్ అన్న విశేషణం తెలుగు విషయంలో దాదాపు నామమాత్రం. తెలుగు గీతల కొసలకు రోమన్ తరహా అడ్డుముక్కలు ఎన్నడూ లేవు కనుక తీసివేయడానికి ఏమీ లేదు. ఆచరణలో ఆ పేరుతో చలామణీ అయ్యేది సన్నం, లావు తేడాలు లేకుండా ఆద్యంతం ఒకే మందంతో సాగే గీత. పాత అచ్చు అక్షరాలలో తలకట్టు సన్నగా మొదలై లావుగా ముగుస్తుంది, వంపు పక్కల్లో బలిసి పైన కింద సన్నబడుతుంది. ఈ హెచ్చుతగ్గులు అందం కోసమే కాదు, లోపలి ఖాళీలను తెరిచి ఉంచడానికి కూడా పనికొచ్చేవి. సమమైన మందం కోరుకున్న రూపకర్త ఆ వెసులుబాటును వదులుకుంటాడు. అందువల్ల మంచి బొద్దు ఖతులలో పైకి సమంగా కనబడే గీతను కూడా కూడళ్ల దగ్గర, అంటే వంపు వంపును తాకే చోట, కంటికి తెలియకుండా సన్నం చేస్తారు. ఈ సవరణ చేసిందీ లేనిదీ చూస్తే చాలు, ఖతి గీసిన చేయి ఎంత తెలిసినదో తేలిపోతుంది.

వెడల్పు సంగతి ఇలా ఉండగా ఎత్తు సంగతి ఇంకా చిక్కు. గంజాంలోనైనా గుంటూరులోనైనా దుకాణం పేర్లలో తరచుగా కనబడేవి శ్రీ, లక్ష్మీ అన్న మాటలు. శ్రీ లో శ కు పైన గుడిదీర్ఘం, కింద రకారపు ఒత్తు. లక్ష్మీ లో రెండో అక్షరం క, ష, మ మూడు హల్లుల కట్ట, దాని పైన మళ్లీ గుడిదీర్ఘం. రాష్ట్రం, స్త్రీ, వస్త్రాలయం వంటి మాటల తీరూ ఇంతే. మూలాక్షరానికి పైనా కిందా ఇంత చోటు వదలాలంటే పంక్తికి కావలసిన మొత్తం ఎత్తు మూలాక్షరం ఎత్తుకు దాదాపు రెట్టింపు అవుతుంది. ఒకటిన్నర అడుగుల ఎత్తున్న పట్టీలో ఆంగ్ల అక్షరం అంచులు పోను అడుగుంబావు వరకు ఎదగగలిగితే, తెలుగు మూలాక్షరానికి దక్కేది ముప్పాతిక అడుగు కూడా ఉండదు. ఇలాంటి చోట వెడల్పు తగ్గించిన ఖతి ఏ మేలూ చేయదు. అక్షరం ఎదగకుండా అడ్డుకుంటున్నది ఎత్తు. వెడల్పు మిగిల్చి పక్కన ఖాళీ పెంచడం వల్ల పేరు మరింత చిన్నగా, మరింత దూరంగా కనబడుతుంది. దుకాణాల పైభాగాన ఉండే బోర్డులు అధికభాగం వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ కనుక, ఆంగ్లంలో ఇరుకు ఖతి సాధించే పనిని తెలుగులో ఇరుకు ఖతే సాధిస్తుందనుకోవడం పొరపాటు.

గంజాం జిల్లా ఊళ్ల పేర్లనే ఈ లెక్కకు పెట్టి చూడవచ్చు. కొడల అన్న పేరు ఏ ఖతికైనా సులువు: మూడే అక్షరాలు, ఒత్తులు లేవు, క మీది ఒత్వం తప్ప పైకి లేచేది లేదు. ఈ పేరును ఎంత బొద్దుగానైనా, కొంత ఇరుకుగానైనా రాయవచ్చు. బరంపురం అలా కాదు. అందులో ఒత్తు లేకపోయినా ర, సున్న, మళ్లీ ర, సున్న ఉన్నాయి. వెడల్పు తగ్గిన కొద్దీ ర ఆకారం సున్నను పోలి, రెంటినీ వేరుచేసే బాధ్యత తలకట్టు ఒక్కదాని మీద పడుతుంది, మధ్యలో పు కొమ్ము కిందికి దిగుతుంది. ఇరుకు ఖతి పరీక్షకు ఇంతకంటె మంచి మాట దొరకడం కష్టం. గంజాం అన్న పేరులో రెండు సున్నలూ ఒక దీర్ఘమూ వెడల్పును మింగుతాయి. ఛత్రపురంలో ఛ అడుగు గీత, త్ర ఒత్తు, పు కొమ్ము మూడూ కిందనే చేరతాయి. ఖల్లికోటలో ల్లి కి పైన గుడి, కింద ఒత్తు. సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లాలోకి వెళితే ఇచ్ఛాపురంలో ఒత్తే మహాప్రాణం కావడంతో ఆ చిన్న రూపంలో అడుగు గీత నిలబెట్టడం మరో పరీక్ష. వీటన్నిటినీ ఒకే బొద్దుతనంతో, ఒకే ఎత్తులో, ఒకదాని కింద ఒకటి రాసి చూపగలిగిన ఖతి ఏదైనా సరే బోర్డులకు పనికొచ్చే ఖతి అని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఒడియా లిపి ఈ విషయంలో తెలుగుకూ దేవనాగరికీ నడుమ నిలుస్తుంది. అధికభాగం అక్షరాల నెత్తిన గొడుగు వంటి వంపు ఉండి, అసలు తేడాలన్నీ దాని కిందనో లోపలనో చిన్న చోటులో ఉండడం దానికున్న ఇబ్బంది; గీత లావెక్కితే గొడుగులు మాత్రమే మిగిలి అక్షరాలన్నీ అన్నదమ్ముల్లా కనబడతాయి. అయితే గ, ప, శ, స వంటి అనేక అక్షరాలకు కుడివైపు నిలువు గీత ఉండడం వల్ల వెడల్పు తగ్గింపును అది తెలుగు కంటే కొంత ఎక్కువగా ఓర్చుకుంటుంది. ఒకే బోర్డు మీద మూడు లిపులకూ ఒకే కొలత ఇరుకుతనం వర్తింపజేస్తే ఆంగ్లం దిట్టంగా, ఒడియా ఫరవాలేదన్నట్టుగా, తెలుగు నలిగినట్టుగా కనబడడానికి కారణం ఇదే. లిపికి తగినట్టు కొలత మార్చడం పక్షపాతం కాదు.

ఆచరణలో జరుగుతున్నది వేరు. డీటీపీ తెర మీద మామూలు ఖతితో పేరు కొట్టి, పక్కనున్న బొడిపెను పట్టుకుని లోపలికి తోయడం, ఆ పైన బొద్దుతనం కోసం అక్షరం చుట్టూ అదే రంగు అంచు గీత చేర్చడం ఫ్లెక్సీ కొట్లలో నిత్యం జరిగే పని. దీని ఫలితం లెక్కకు అందుతుంది. గీత మందం అన్నివైపులా 20 మిల్లీమీటర్లున్న అక్షరాన్ని వెడల్పులో 70 శాతానికి నొక్కితే, వంపుల పక్కగోడలు 14 మిల్లీమీటర్లకు తగ్గుతాయి, పైన కింద గీతలు మాత్రం 20 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటాయి. పక్కలు చిక్కి, నెత్తి, అడుగు బరువెక్కిన ఆ అక్షరం నిలబడినట్టు కాక నలిగినట్టు కనబడుతుంది. రోమన్ అక్షరానికీ ఇదే దోషం అంటుతుంది గాని నిలువు గీతలే ప్రధానమైన లిపి కనుక రూపం దెబ్బతినదు, నలుపు తెలుపుల పాలు మాత్రమే మారుతుంది. ఆ తరువాత చేర్చే అంచు గీత బయటికే కాదు లోపలికీ పెరిగి, థ చుక్కను, ప సందును, ఒత్తు లోపలి ఖాళీని మింగేస్తుంది. నొక్కిన ఖతికీ, ఇరుకుగానే గీసిన ఖతికీ తేడా ఇక్కడే ఉంది: రెండో దానిలో వెడల్పు తగ్గినా పక్కగోడల మందాన్ని రూపకర్త తిరిగి సరిదిద్దుతాడు, వంపుల ఆకారాన్ని మారుస్తాడు, ఇరికించకూడని అక్షరాలను వదిలేస్తాడు. ఈ పనిని ఏ బొడిపే చేయలేదు.

కంప్యూటర్లు రాకముందు ఈ సమస్యను పరిష్కరించినది ఖతి కాదు, చేయి. సీసపు అక్షరాల కాలంలో తెలుగు కూర్పుకు గుణింతాలు, ఒత్తులతో కలిపి కొన్ని వందల అచ్చుముక్కలు కావలసివచ్చేవి కనుక పెద్ద పరిమాణాలలో పూర్తి సెట్టు పోయించడం అచ్చుకూటాలకు భారమయ్యేది. వారపత్రికలు కథల శీర్షికలను చిత్రకారులతో రాయించి జింకు బ్లాకులు చేయించుకునేవి; బాపు రాత ఒక శైలిగా నిలిచింది ఆ దారిలోనే. సినిమా పేర్లు కూడా గీసినవే తప్ప కూర్చినవి కావు, ఈశ్వర్ వంటి ప్రచార చిత్రకారుల పేరుతో పాటు వారి అక్షరాలూ ప్రసిద్ధి పొందాయి. బోర్డు పెయింటర్లది మరీ ఆచరణాత్మకమైన విద్య. మాట ముందే తెలుసు కాబట్టి, ఒత్తును నేరుగా అడుగున వేలాడదీయకుండా కుడివైపు కిందిమూలకు జరిపి, తరువాతి అక్షరం కింద ఖాళీ ఉంటే అందులోకి తోసి, గుడిని అణిచి, మూలాక్షరాన్ని పట్టీ నిండేంత పెంచేవారు. వారు పొదుపు చేసినది వెడల్పును కాదు, ఎత్తును. తెలుగు శీర్షిక ఖతికి కావలసిన సూత్రం మొత్తం ఈ అలవాటులో ఉన్నా, దాన్ని ఖతులలోకి తెచ్చే ప్రయత్నం చాలా కాలం జరగలేదు. ఫ్లెక్సీ వచ్చి పెయింటర్లకు పని తగ్గడంతో ఆ తెలివిడి కూడా చాలావరకు వాళ్లతోనే పక్కకు పోయింది.

డీటీపీ తొలి దశాబ్దాలలో తెలుగునాట రాజ్యమేలినవి అను వంటి పాత సంకేత పద్ధతి ఖతులు. వాటిలో బొద్దు రకాలకు కొదవ లేదు గాని, వెడల్పు అంచెలంచెలుగా మారే కుటుంబాలు కావు. యూనికోడ్, అంటే ప్రతి లిపి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంకేతం ఉండే పద్ధతి, 1991లో మొదటి కూర్పుతోనే తెలుగుకూ ఒడియాకూ చోటిచ్చినా శీర్షిక ఖతులు రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. సిలికాన్ ఆంధ్ర సంస్థ విడుదల చేసిన ఉచిత ఖతుల వరుసలో రామభద్ర పెద్ద శీర్షికలకు ఉద్దేశించిన బొద్దు ఖతి. పొన్నాల, రవిప్రకాష్, లక్కిరెడ్డి అలంకార, చేతిరాత ధోరణులు. వీటిలో బోర్డుకు ఎక్కువగా పనికొచ్చేది రామభద్రే, అయితే అది బొద్దు మాత్రమే, ఇరుకు కాదు, దానికి ఒడియా జత కూడా లేదు. మందంలో అయిదు మెట్లున్న చతుర ఈ లోటును కొంత పూరించినా మూడు లిపుల బోర్డుకు అదీ ఒంటరిదే.

గంజాం వంటి ప్రాంతానికి నిజంగా అక్కరకొచ్చే పని ముంబయికి చెందిన ఏక్ టైప్ బృందం నుంచి వచ్చింది. వారి బాలూ కుటుంబంలో తెలుగు ఖతి పేరు బాలూ తమ్ముడు, ఒడియా ఖతి పేరు బాలూ భాయినా. రెండూ ఒకే ఒరవడి, ఒకే బొద్దుతనం, లోపల అదే ఆంగ్ల అక్షరం. మెత్తని కొసలు, ఉబ్బిన వంపులు ఉన్న ఈ ఖతి మిఠాయి దుకాణానికో బొమ్మల కొట్టుకో నప్పినంతగా ఆసుపత్రికి నప్పదు, ఇరుకు రూపం అసలే లేదు. 2022లో వచ్చిన అనేక్ కుటుంబం మాత్రం ఈ సమీక్షకు కేంద్రమైనది. తెలుగు, ఒడియా, రోమన్ సహా పది లిపులలో, అతి సన్నం నుంచి అతి బొద్దు వరకు ఎనిమిది మందాలు, ఇరుకు నుంచి విశాలం వరకు అయిదు వెడల్పులు దానిలో ఉన్నాయి. పైగా ఇది వేరియబుల్ ఖతి, అనగా ఒకే ఫైలులో మందాన్నీ వెడల్పునూ మెట్లుగానే కాక నడుమ ఎక్కడ కావలిస్తే అక్కడ నిలపగలిగే ఖతి. మామూలు వెడల్పును 100గా లెక్కిస్తే ఇరుకు కొస 75, విశాలపు కొస 125. గూగుల్ వారి నోటో సాన్స్ తెలుగులోనూ వెడల్పు మార్చే సదుపాయం ఉంది, కాని నోటో ప్రధానంగా పాఠం కోసం పుట్టినది, దాని అతి బొద్దు రూపం బోర్డు మీద దిట్టంగా కాక పద్ధతిగా మాత్రమే కనబడుతుంది.

అనేక్ తెలుగును 75 వెడల్పులో, అతి బొద్దు మందంలో పరిశీలిస్తే వంపుల పక్కగోడలు నిటారుగా లేచి రోమన్ ఇరుకు ఖతుల ఛాయ వస్తుంది, పక్కగోడల మందం కుంచించుకుపోదు. ఒత్తులు మూలాక్షరం కంటే సన్నని గీతతో ఉండడం వల్ల లోపలి ఖాళీలు మిగులుతాయి. అయినా ఈ కొసలో బరంపురం వంటి పేరు దగ్గర ర, సున్నల తేడా పలచబడుతుంది, య, ఘ ఉన్న మాటలు నల్లబడతాయి. 85 నుంచి 90 మధ్యకు వచ్చేసరికి ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఇదే బొద్దుతనంలో ఆంగ్లం, ఒడియా 75 దగ్గర సుఖంగా చదవబడుతున్నప్పుడు, తెలుగును మాత్రం ఒక మెట్టు వెడల్పుగా ఉంచడమే సరైన కూర్పు. వేరియబుల్ పద్ధతి ఇచ్చే అసలు లాభం ఇదే, మూడు లిపులకు మూడు కొలతలు వాడినా చూపుకు ఒకే కుటుంబంగా ఉంటాయి. అయితే పంక్తి ఎత్తు సమస్యను అనేక్ కూడా తీర్చలేదు. పాఠానికీ శీర్షికకూ రెంటికీ పనికిరావాలని గీసిన ఖతి కనుక దాని ఒత్తులు కిందికి మామూలుగానే దిగుతాయి, పెయింటర్లు పక్కకు జరిపినట్టు జరగవు.

ఇరుకు తెలుగు నిజంగా కావలసిన చోట్లు లేకపోలేదు. దినపత్రికలో ఒక్క కాలమ్ శీర్షిక, పుస్తకం వీపు, స్తంభానికి నిలువుగా కట్టే బోర్డు, చేతిలోని ఫోన్ తెర ఈ కోవలోవి. వీటిలో కొరత వెడల్పుదే, ఎత్తు కావలసినంత ఉంటుంది. బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణీ జాతర వంటి ఉత్సవాలకు వీధి పొడవునా కట్టే నిలువు తోరణ ఫలకాలకు ఇరుకు బొద్దు ఖతి చక్కగా నప్పుతుంది. దుకాణం నెత్తిన పరిచే పొడవాటి బోర్డుకు మాత్రం అది నప్పదు.

రాత్రి దీపాల విషయం కూడా గమనించదగినది. ఫ్లెక్సీ లోపల నుంచి వెలిగించినప్పుడు, లేదా అక్షరాన్నే ఎల్‌ఈడీ దీపాలతో వెలిగించినప్పుడు కాంతి అంచులు దాటి చెదురుతుంది, గీత ఉన్నదానికంటె లావుగా కనబడుతుంది. పగలు సరిగా ఉన్న బొద్దు అక్షరం రాత్రి పూడిపోవడానికి ఇదే కారణం. వెలిగే తెల్ల అక్షరానికి నల్లని నేల మీద ఒక మెట్టు తక్కువ మందం వాడాలన్నది రోమన్ బోర్డులలో తెలిసిన సూత్రం. చుక్కల మీద, సందుల మీద ఆధారపడిన తెలుగుకు అది రెండు మెట్లు కావడం మంచిది.

మంచి ఖతి ఉచితంగా దొరుకుతున్నా బోర్డు మీదికి ఎందుకు రావడం లేదన్నదానికి జవాబు రూపకల్పనలో లేదు. డీటీపీ కొట్లలో ఇంకా నడుస్తున్న పేజ్‌మేకర్ వంటి పాత సాఫ్ట్‌వేర్లకు యూనికోడ్ తెలుగు ఒత్తులను సరిగా కూర్చడం చేతకాదు, వాటిలో పాత సంకేత ఖతులే పనిచేస్తాయి. ఒడియా కొట్టే కుర్రవాడికి తెలుగు చదవడం రాకపోతే, ఒత్తు విడిపోయి పక్కన పడినా అది తప్పని తెలియదు. కొడల వంటి ఊళ్లో తెలుగు చదివే ఆపరేటరు దొరకడం కష్టమైనప్పుడు వర్తకుడు తానే అచ్చుకు ముందు చిత్తుప్రతిని చూడాలి, పేరులోని ప్రతి ఒత్తునూ చుక్కనూ పోల్చుకోవాలి. ఎంత మంచి ఖతి అయినా ఈ పని తప్పించలేదు.

ఈనాటికి తేలిన నిర్ణయం ఇది. రోమన్ అర్థంలో బొద్దు ఇరుకు శీర్షిక ఖతి తెలుగుకు సాధ్యమే గాని దాని ఉపయోగం నిలువు చోట్లకే పరిమితం. అడ్డ బోర్డులకు తెలుగు కోరుకునేది ఇరుకు ఖతిని కాదు, పొట్టి ఒత్తులు, అణిగిన గుళ్లు ఉన్న బొద్దు ఖతిని, అటువంటిది గీయడం ఖతి రూపకర్తల ముందున్న పని. అది వచ్చేవరకు గంజాంలో మూడు లిపుల బోర్డు రాయించేవారు అనేక్ కుటుంబాన్ని ఎంచుకుని, ఆంగ్లానికీ ఒడియాకూ 75 వెడల్పు ఇచ్చినా తెలుగుకు 85కు తగ్గనీయకుండా, వెడల్పును ఖతిలోని కొలతతోనే మార్చి తెర మీది బొడిపెను ముట్టకుండా చూసుకోవాలి.